గదికి గడియ ఉందా? (ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి)

యాంకర్: సిరొంచ నుంచి ఒక భాయ్ లైన్‌లో ఉన్నారు. చెప్పండి.

కాలర్: అస్సలాము అలైకుమ్ హజరత్. లారీ నడుపుతాను. బల్లార్షా, చంద్రపూర్ తిరుగుతూ వారానికోసారి ఇంటికొస్తాను. రాగానే పంచాయితీ. అమ్మ, తమ్ముడు, మేము ఒకే ఇంట్లో. తమ్ముడు మా గదిలోకి చెప్పకుండా వచ్చేస్తాడని నా భార్య గొడవ. వాడు చిన్నపిల్లాడు హజరత్...

మౌలానా: వ అలైకుమ్ సలాం. వయసెంత?

కాలర్: ఇరవై రెండు.

మౌలానా: చిన్నపిల్లాడా? మరిది వదిన గదిలోకి వెళ్లే విషయంలో ప్రవక్త (స) ‘మరణం’ అన్నంత గట్టి మాట అన్నారు. ఖురాన్‌లో నూర్ సూరా (అధ్యాయం) చూడు. తెల్లవారుజామున ఫజర్ నమాజుకు ముందు, మధ్యాహ్నం, రాత్రి ఇషా నమాజు తర్వాత నిజంగా చిన్నపిల్లలు కూడా అడిగే లోపలికి రావాలి. గదికి గడియ ఉందా?

కాలర్: పరదా ఉంది.

మౌలానా: గడియ పెట్టించు. గడియ పడే గది భార్య హక్కని హనఫీ ఫిఖ్‌లోనే, అంటే హనఫీ ధర్మశాస్త్రంలోనే ఉంది.

కాలర్: ‘కోడలు ఇల్లు విడగొడుతోంది’ అంటుంది అమ్మ. మొన్న టెన్షన్‌లో ఆ మాట నోటిదాకా వచ్చింది హజరత్.

మౌలానా: అన్నావా?

కాలర్: లేదు. బయటికెళ్లిపోయాను.

మౌలానా: అల్‌హందులిల్లాహ్. కోపమొస్తే, నిలబడి ఉంటే కూర్చో, తగ్గకపోతే పడుకో. ఇది హదీసు, ప్రవక్త (స) చెప్పిన మాట. ఒకేసారి మూడు తలాక్‌లంటే 2019 చట్టం ప్రకారం చెల్లదు, పైగా మూడేళ్ల దాకా జైలు. నోరు జాగ్రత్త.

కాలర్: అయితే వేరు కాపురం పెట్టమంటారా?

మౌలానా: ఆమె అడిగిందా?

కాలర్: లేదు.

మౌలానా: మరి నువ్వెందుకు లేవదీస్తున్నావు? ఆమె అడిగింది తలుపు. తమ్ముడికి నువ్వే చెప్పు, ఆమె చేత చెప్పించకు. చెడ్డపేరు ఆమెకెందుకు?

కాలర్: అమ్మ ఏడిస్తే?

మౌలానా: ఏడవనీ బేటా! అమ్మ కాళ్లు పట్టు, మందులు తే, డబ్బివ్వు. గడియ మాత్రం పెట్టించు. ఎన్నిసార్లు చెప్పాలి? నోరు జాగ్రత్త.

యాంకర్: షుక్రియా భాయ్. రాజురా నుంచి అమ్మా, చెప్పండి.

కాలర్: మా ఆయన దుబాయిలో ఉన్నారు. రెండేళ్లు దాటింది, పైసా పంపలేదు. ఫోన్ ఎత్తరు.

మౌలానా: ముందు మీవైపు ఒకరు, వాళ్లవైపు ఒకరు పెద్దమనిషి కూర్చోవాలి, ఖురాన్ నిసా సూరాలో ఉన్నదే. తేలకపోతే 1939 చట్టం ఉంది. రెండేళ్లు పోషించని భర్త నుంచి విడాకులు కోరుతూ మీరే కోర్టుకు వెళ్లొచ్చు. పాపమేమీ కాదమ్మా. నిఖానామా, అంటే పెళ్లి ఒప్పంద పత్రం, జాగ్రత్తగా పెట్టుకోండి.

యాంకర్: టైమ్ తక్కువుంది. కిన్వట్ భాయ్, ఒక్క మాటలో.

కాలర్: భార్య ఫోన్ చెక్ చేయొచ్చా?

మౌలానా: నీ ఫోన్ ఆమెకిస్తావా?

కాలర్: అంటే... హలో? హలో?

యాంకర్: లైన్ కట్ అయింది. తర్వాతి కాలర్.