వదిలేసినా ఇంటికి పోని జనం: స్టోన్‌వాల్ రాత్రి

నమస్తే. ఇవాళ ఒక తలుపుతో మొదలుపెడదాం.

న్యూయార్క్‌లో గ్రీనిచ్ విలేజ్ అని ఒక పేట. అందులో క్రిస్టఫర్ స్ట్రీట్, 51-53 నంబరు. 1969లో ఆ తలుపుకి చిన్న కన్నం ఉండేది. మీరు వెళ్లి తడితే లోపల్నుంచి ఒక కన్ను మిమ్మల్ని ఎగాదిగా చూసేది. తెలిసిన ముఖం అయితేనో, 'సరే, మఫ్టీ పోలీసులా లేడు' అనిపిస్తేనో తలుపు తీసేవాళ్లు. శని, ఆదివారాల్లో అయితే మూడు డాలర్లు కట్టాలి. లోపల ఒక పుస్తకం ఉంటుంది, అందులో పేరు రాయాలి. సొంత పేరు రాసినవాళ్లు దాదాపు ఉండరు. సినిమా తారల పేర్లు రాసేవాళ్లు, నోటికొచ్చిన పేరు రాసేవాళ్లు.

అదే స్టోన్‌వాల్ ఇన్, స్వలింగ ప్రియులు చేరే బార్. ఆ పుస్తకం ఎందుకంటే, ఆ బార్‌కి లైసెన్స్ లేదు. 'ఇది బార్ కాదండీ, సభ్యుల క్లబ్బు, ఎవరి సీసా వాళ్లే తెచ్చుకుంటారు' అని చెప్పుకోవడానికి. నడిపేది మాఫియా, జెనొవీజ్ ముఠా మనుషులు. కౌంటర్ వెనక కుళాయి కూడా లేదు. తాగిన గ్లాసును తొట్టిలో ఒకసారి ముంచి తీసి, అదే గ్లాసులో ఇంకొకరికి పోసేవాళ్లు. మందులో నీళ్లు. మంటలు లేస్తే బయటపడటానికి వేరే దారి లేదు. మరి ఇలాంటి చోటికి జనం ఎందుకు ఎగబడేవాళ్లు? డాన్స్ కోసం. ఒక మగవాడు ఇంకో మగవాడి భుజం మీద చెయ్యేసి పాట పూర్తయ్యేదాకా ఆడగలిగే చోటు ఆ ఊళ్లో దాదాపు అదొక్కటే.

మాఫియాకి వీళ్ల మీద ప్రేమేమీ లేదు, లాభం ఉంది, అంతే. స్టేషన్‌కి మామూళ్లు వెళ్లేవి. మామూళ్లు అన్న మాట మనకి విడమరిచి చెప్పక్కర్లేదనుకోండి. రెయిడ్‌లు అయినా ఆగేవి కావు. కాకపోతే అదొక నాటకం. ముందే కబురు వస్తుంది. జనం పల్చగా ఉండే సాయంత్రం వేళ పోలీసులు వస్తారు. లోపల తెల్ల లైట్లు భగ్గున వెలుగుతాయి. అది గుర్తు. వెంటనే ఆడుతున్నవాళ్లు విడిపోవాలి, దూరం జరగాలి. నలుగుర్ని పట్టుకెళ్తారు, కాస్త సరుకు ఎత్తుకెళ్తారు, ఆ రాత్రికే బార్ మళ్లీ తెరుస్తారు. అందరికీ బాగానే ఉంది, ఆ పట్టుబడిన నలుగురికి తప్ప. ఒక్క అరెస్టు చాలు, ఉద్యోగం పోవడానికి, ఇంట్లో తెలిసిపోవడానికి.

చట్టం సంగతి కాస్త చూడాలి. అప్పటికి అమెరికాలో మగవాళ్ల మధ్య సంబంధం నేరం కాదన్న రాష్ట్రం ఒక్క ఇల్లినాయ్. అదీ 1962లో. న్యూయార్క్‌లో ఇంకో చిత్రం ఉంది. 1845లో అక్కడ మారువేషాల మీద ఒక చట్టం చేశారు. ఎందుకంటే కౌలు రైతులు ముసుగులేసుకుని జమీందార్ల మీద తిరగబడుతున్నారు, వాళ్లను పట్టుకోవడానికి. రైతుల గొడవ చల్లారింది, చట్టం మాత్రం మిగిలింది. వందేళ్ల తర్వాత పోలీసులు దాన్ని చీరకట్టు లాంటిది కట్టిన మగవాడి మీద, అంటే అక్కడ గౌను వేసుకున్నవాడి మీద వాడారు. ఒంటి మీద మూడు బట్టలైనా నీ పుట్టుకకి తగ్గవి ఉండాలి, లేకపోతే లోపలే అని అందరూ నమ్మేవాళ్లు.

ఇది విని 'అబ్బో, అమెరికా' అనుకోకండి. హైదరాబాద్ సంస్థానంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. ఆడ బట్టలతో, నగలతో వీధిలో కనిపించినా, బహిరంగంగా పాడినా ఆడినా, వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు. వాళ్ల పేర్లు, చిరునామాలతో రిజిస్టరు ఒకటి పెట్టాలి. నిజాం పోయాడు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది, ఆ చట్టం పుస్తకాల్లో అలాగే ఉంది. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, ఇంకొందరు హైకోర్టుకి వెళ్లాక 2023 జులైలో కొట్టేశారు. 2023లో! క్రిస్టఫర్ స్ట్రీట్‌లో గౌను వేసుకున్నవాళ్లను స్నానాలగదిలోకి తీసుకెళ్లి ఒళ్లు తడిమి చూసిన పోలీసుకి, మన రిజిస్టరుకి చుట్టరికం ఉంది.

సరే, ఆ రాత్రికి వద్దాం. 1969 జూన్ 28, శుక్రవారం రాత్రి దాటి శనివారంలోకి వచ్చిన వేళ. సుమారు ఒంటిగంటా ఇరవై. లోపల రెండు వందల మంది దాకా ఉన్నారు. అదే వారం మంగళవారం ఒక రెయిడ్ అయింది కూడా. ఈసారి వచ్చింది పేట స్టేషన్ వాళ్లు కాదు, నగరం మొత్తానికి 'ప్రజా నైతికత' చూసే దళం. దానికి నాయకుడు సీమూర్ పైన్. ముందస్తు కబురు లేదు. వేళ కాని వేళ. తెల్ల లైట్లు వెలిగినప్పుడు చాలామందికి అర్థం కాలేదు.

మామూలుగా ఏం చేస్తారు? వరసలో నిలబెడతారు, గుర్తింపు కార్డులు చూస్తారు, ఆడ వేషంలో ఉన్నవాళ్లను మహిళా పోలీసు బాత్రూమ్‌లోకి తీసుకెళ్లి పరీక్షిస్తుంది. ఆ రాత్రి వాళ్లు రామన్నారు. కొందరు కార్డులు 'చూపించం' అన్నారు. పోలీసులు చాలామందిని ఒక్కొక్కరిగా బయటికి వదిలేశారు.

వదిలేస్తే ఎవరైనా ఏం చేస్తారు? బతుకు జీవుడా అని ఇంటికి పోతారు. ఇన్నేళ్లూ అదే చేశారు. ఆ రాత్రి మాత్రం వాళ్లు వాకిట్లోనే నిలబడిపోయారు. లోపల ఉన్న స్నేహితుడు రావాలిగా. తర్వాత వచ్చినవాడు గుమ్మంలో నిలబడి పోలీసుకి వెటకారంగా సెల్యూట్ కొట్టాడు, జనం చప్పట్లు కొట్టారు. దారినపోయేవాళ్లు ఆగారు. కాసేపట్లో లోపలున్నవాళ్లకంటే బయటున్నవాళ్లు ఎక్కువయ్యారు.

ఒక స్త్రీకి బేడీలు వేసి వ్యాన్ ఎక్కించబోతే ఆమె పెనుగులాడింది. తల మీద లాఠీ దెబ్బ పడింది. జనం వైపు తిరిగి 'చూస్తూ నిలబడ్డారేంటి, ఏదో ఒకటి చెయ్యండి' అన్న అర్థంలో అరిచిందని చూసినవాళ్లు చెప్పారు. అక్కడే తెగింది. ముందు చిల్లర నాణేలు పడ్డాయి. పోలీసుల మీదికి పెన్నీలు విసురుతూ 'ఇదిగో మీ మామూళ్లు' అన్నట్టు ఎగతాళి! ఆ వెటకారం తెలుగువాళ్లకి అందినంతగా ఇంకెవరికీ అందదేమో. తర్వాత సీసాలు, ఇటుకలు.

పైన్, అతని మనుషులు వెనక్కి తగ్గి ఆ బార్‌లోకే దూరి తలుపు వేసుకున్నారు. చూడండి ఎలా తిరగబడిందో. ఎవరిని బయటికి ఈడవడానికి వచ్చారో, వాళ్లకి భయపడి అదే గదిలో దాక్కున్నారు. వాళ్లతోపాటు విలేజ్ వాయిస్ పత్రిక విలేకరి హోవర్డ్ స్మిత్, పక్క హోటల్లో భోంచేస్తూ గొడవేంటో చూద్దామని వచ్చి దొరికిపోయిన జానపద గాయకుడు డేవ్ వాన్ రాంక్ కూడా. బయట జనం పార్కింగ్ మీటరు ఒకటి పీకి దానితో తలుపు బాదారు. కిటికీలోంచి నిప్పు పడింది. పైన్ రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడి గాయపడ్డ మనిషి. అంత భయం తనకెప్పుడూ కలగలేదని తర్వాత ఆయనే చెప్పాడు.

అల్లర్లను అణిచే పోలీసు దళం వచ్చింది, హెల్మెట్లు, లాఠీలు. అయితే గ్రీనిచ్ విలేజ్ సందులు వాళ్లకి తెలియవు. ఊరంతా గళ్ల నోటుబుక్కులా ఉంటే ఈ పేట ఒక్కటి వంకర. నాలుగో వీధి వెళ్లి పదో వీధిని కోస్తుంది, నమ్మండి. మన పాతబస్తీ గల్లీల్లో తిరిగినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పోలీసులు తరుముతారు, కుర్రాళ్లు ఒక చుట్టు తిరిగి వాళ్ల వెనకే తేలతారు. తేలి ఏం చేశారు? ఒకరి నడుం ఒకరు పట్టుకుని వరసగా కాళ్లెత్తి డాన్స్ చేశారు, లాఠీల ముందు. ఆ రాత్రి 13 మందిని అరెస్టు చేశారు, నలుగురు పోలీసులకి గాయాలు. న్యూయార్క్ టైమ్స్ లోపలి పేజీలో చిన్న వార్త వేసింది, శీర్షికలో గాయపడ్డ నలుగురు పోలీసులే ఉన్నారు.

ఇక ఏటా జూన్ రాగానే లేచే తగాదా: మొదటి ఇటుక ఎవరు విసిరారు? ఎక్కువమంది ఆడ వేషంలో తిరిగే నల్లజాతి కార్యకర్త మార్షా పి. జాన్సన్ పేరు చెబుతారు. ఆమేమో తను వచ్చేసరికి రెండయిందని, అప్పటికే గొడవ మొదలైపోయిందని తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. ఆమే కాదన్న ఘనతను ఆమెకి అంటగట్టడం ఎందుకో నాకు అర్థం కాదు. అల్లర్ల తర్వాతి ఏడాది స్నేహితురాలు సిల్వియా రివేరాతో కలిసి ఇల్లు లేని ట్రాన్స్ పిల్లలకి నీడ ఇచ్చింది, అది చాలదా? అసలు ఆ రాత్రి ముందు వరసలో ఎక్కువగా ఉన్నది అలాంటి పిల్లలే. ఇంట్లోంచి గెంటేస్తే ఎదురుగా ఉన్న చిన్న పార్కులో పడుకునేవాళ్లు. పోగొట్టుకోవడానికి ఉద్యోగం లేదు, దాచుకోవడానికి ఇంటిపేరు లేదు. కోటు, టై కట్టుకుని మర్యాదగా ప్లకార్డులు పట్టే మాటషిన్ సొసైటీ అనే స్వలింగ ప్రియుల హక్కుల సంఘం పెద్దలైతే, బార్ కిటికీ మీద శాంతంగా ఉండండని వేడుకుంటూ రాయించారు. పాపం, వాళ్ల భయం వాళ్లది. ఏళ్ల తరబడి ఓపిగ్గా కట్టుకొచ్చింది ఒక్క రాత్రిలో కూలుతుందనుకున్నారు.

గొడవ ఆ వారమంతా ఆగుతూ, రగులుతూ సాగింది. బార్ మాత్రం కొన్ని నెలలకే మూతపడింది. ఆ చోట తర్వాత రొట్టెల దుకాణం కూడా నడిచింది. 2016లో దాన్ని జాతీయ స్మారకం చేశారు. 2019లో నగర పోలీస్ కమిషనర్ క్షమాపణ చెప్పాడు, యాభై ఏళ్లకి.

సరిగ్గా ఏడాది తర్వాత, 1970 జూన్ 28న, దగ్గర్లో పుస్తకాల షాపు నడిపే క్రెయిగ్ రాడ్‌వెల్, ఇంకొందరు కలిసి ఊరేగింపు పెట్టారు. క్రిస్టఫర్ స్ట్రీట్ నుంచి సెంట్రల్ పార్కు దాకా, యాభై ఒక్క వీధులు దాటి. అనుమతి కాగితం బయల్దేరే ముందు మాత్రమే చేతికొచ్చింది. ఎవరైనా రాళ్లేస్తారేమో, కొడతారేమో అన్న భయానికి వాళ్లు నడవలేదు, దాదాపు పరిగెత్తారు. అనుకున్న సమయంలో సగం కూడా పట్టలేదు. పార్కు చేరాక ముందున్నవాళ్లు ఆగి, అప్పుడు మొదటిసారి వెనక్కి తిరిగి చూశారు. వీధులకి వీధులు నిండి జనం ఇంకా వస్తూనే ఉన్నారు.