డెబ్బై దాటినవారికి ప్రైవేటు ఆరోగ్య బీమా: బిల్లులో కోత ఎక్కడ పడుతుంది?

వ్యాఖ్యాత: డెబ్బై నిండితే ఆదాయంతో పని లేకుండా కేంద్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం కింద ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తోంది. ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. ఇక ప్రైవేటు పాలసీ దేనికండీ?

బీమా సలహాదారు: ముందు ఆ కార్డు తీసుకోమనే చెప్తాను. ప్రీమియం లేదు, పాత జబ్బులకు ఎదురుచూపూ లేదు. ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లకూ ఇస్తారు. కాకపోతే ఆ 5 లక్షలు కుటుంబానికి. భార్యాభర్తలిద్దరూ డెబ్బై దాటినా అందులోనే సర్దుకోవాలి. పైగా పథకంలో చేరిన ఆసుపత్రికే వెళ్లాలి. ఏళ్లుగా చూపించుకుంటున్న గుండె డాక్టరు ఆసుపత్రి ఆ జాబితాలో లేకపోతే కార్డు అక్కడ చెల్లదు. ప్రైవేటు పాలసీ అక్కరకొచ్చేది అక్కడే.

వ్యాఖ్యాత: ఆ వయసులో కొత్తగా ఇస్తారా?

బీమా సలహాదారు: అన్ని వయసులవారికీ పాలసీలు ఉండాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో చెప్పింది. అలాగని అడిగినవాళ్లందరికీ ఇచ్చి తీరాలని కాదు. వైద్య పరీక్షలు చేయించి కాదనొచ్చు కూడా.

వ్యాఖ్యాత: మేడమ్, పాలసీ ఉండి కూడా లక్షలు కట్టామని చాలామంది అంటారు. ఎందుకలా?

క్లెయిముల నిపుణురాలు: అందరూ పాలసీ ఎంతకని చూస్తారు, రూమ్ రెంట్ పరిమితి చూడరు. ఒక లెక్క చెప్తాను, రాసుకోండి. పాలసీ 5 లక్షలు, గది అద్దె పరిమితి అందులో ఒక శాతం, అంటే రోజుకు 5,000. మీరు 8,000 గదిలో ఐదు రోజులున్నారు. గదికి 40,000, ఆపరేషన్, డాక్టర్ల ఫీజులు 2 లక్షలు, మందులు, ఇంప్లాంట్లు 60,000. మొత్తం 3 లక్షలు. గదికి 25,000 ఇస్తారు. కోత అక్కడితో ఆగదు. 8,000 గదికి 5,000 పరిమితి కాబట్టి, డాక్టర్ల ఫీజుల్లాంటి వాటినీ అదే లెక్కన ఎనిమిదింట ఐదు వంతులకు తగ్గిస్తారు, 2 లక్షలు కాస్తా 1,25,000 అవుతుంది. మందులు, ఇంప్లాంట్లకు ఈ కోత వర్తించదు. లెక్క 2,10,000కి వచ్చింది. దాని మీద 20 శాతం కో-పే, అంటే పాలసీ ప్రకారం మీరే భరించాల్సిన వాటా 42,000 పోతే కంపెనీ ఇచ్చేది 1,68,000. మీ జేబులోంచి 1,32,000.

వ్యాఖ్యాత: గది వల్ల అంత తేడానా!

క్లెయిముల నిపుణురాలు: అందుకే అడ్మిషన్ కౌంటర్ దగ్గరే "మా పాలసీకి ఏ గది వస్తుంది" అని అడగాలి. గది మారాక అడిగితే లాభం లేదు.

బీమా సలహాదారు: కో-పే ఉన్న పాలసీ చవగ్గా కనిపిస్తుంది. నాకైతే గది పరిమితి లేని చిన్న పాలసీ, దాని మీద అదనపు పాలసీగా సూపర్ టాప్-అప్ మేలనిపిస్తుంది. ఏడాదిలోని బిల్లులన్నీ కలిపి డిడక్టబుల్, అంటే ఆ అదనపు పాలసీ భరించని మొదటి మొత్తం, దాటితే సూపర్ టాప్-అప్ మొదలవుతుంది. మామూలు టాప్-అప్ ఒక్కో బిల్లునీ విడిగా చూస్తుంది. రెండూ ఒకటే అనుకుని కొనేసేవాళ్లే ఎక్కువ.

వ్యాఖ్యాత: షుగర్, బీపీ ఉన్నాయని ఫారంలో రాస్తే ఇవ్వరేమోనన్న భయం ఉంటుంది కదా?

క్లెయిముల నిపుణురాలు: దయచేసి దాచొద్దు. ఏజెంటు నింపినా సంతకం మీదే. ఆసుపత్రిలో చేరగానే డాక్టరు కేసు షీటులో "పదేళ్లుగా షుగర్" అని రాస్తారు, కంపెనీ మొదట చూసేది ఆ కాగితమే. రాసి తీసుకుంటే పాత జబ్బులకు గరిష్ఠంగా 36 నెలలు ఆగాలి, అంతే. వరసగా 60 నెలలు ప్రీమియం కట్టాక, మోసమని రుజువైతే తప్ప, చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ తోసిపుచ్చలేరు.

వ్యాఖ్యాత: పాలసీ నచ్చకపోతే?

బీమా సలహాదారు: చేతికందిన 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయొచ్చు. పాత కంపెనీ నుంచి మారాలంటే రెన్యూవల్‌కు కనీసం 45 రోజుల ముందే పోర్టబిలిటీకి దరఖాస్తు పెట్టాలి. పాత జబ్బుల కోసం అప్పటికే ఆగిన నెలలు కలిసొస్తాయి, పాత పాలసీ మొత్తం మేరకే. కొత్త కంపెనీ ఒప్పుకున్నాకే పాతది వదలండి.

వ్యాఖ్యాత: క్లెయిమ్ కొట్టేస్తే?

క్లెయిముల నిపుణురాలు: ఏ నిబంధన కింద కొట్టేశారో రాతపూర్వకంగా అడగండి. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారి, బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. డిశ్చార్జ్ సమ్మరీ, కేసు షీటు నకలు, తిరస్కరణ లేఖ దగ్గర పెట్టుకోండి.