వినే యంత్రాలు, చెప్పే యంత్రాలు

శ్రోతలకు నమస్కారం.

మీరు ఈ మాటలను రేడియో సెట్టులో వింటున్నట్లయితే, వింటున్న సంగతి మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ప్రసార కేంద్రం తరంగాలను గాలిలోకి వదులుతుంది, మీ సెట్టు వాటిని అందుకుంటుంది, అంతే. మధ్యలో కట్టేసినా, సౌండు తగ్గించి ఇంకో పనిలో పడినా ఆ కబురు ఇల్లు దాటి పోదు. ఇవే మాటలను ఫోన్‌లో యాప్ పెట్టుకుని వింటున్నారనుకోండి, అప్పుడు లెక్క వేరు. ఎప్పుడు మొదలుపెట్టారు, ఎక్కడ ఆపారు, ఏ ఫోన్‌తో విన్నారు అన్నవి మామూలుగా ఎక్కడో ఒక సర్వర్‌లో, అంటే ఆ యాప్ నడిపేవాళ్ళ కంప్యూటర్‌లో, నమోదవుతాయి. ప్రసంగం ఒకటే. ఒక యంత్రం విని ఊరుకుంటుంది. రెండోది మీకు వినిపిస్తూనే మీ గురించి ఇంకొకరికి చెబుతుంది.

ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటే ఈ రెండో రకంలోకి మారుతున్నాయి. తలుపు తాళం, బల్బు, చేతి గడియారం, బీపీ మిషన్, టీవీ, కారు అన్నీ నెట్‌కు కలుస్తున్నాయి. వీటన్నిటి మీదా ఫోనే పెత్తనం చేస్తోంది. రోజువారీ బతుకు దీనివల్ల చాలా మారబోతోంది, చాలాచోట్ల ఆ మార్పు మేలే చేస్తుందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. నా ఆరాటమల్లా ఒక్కటే. మన వస్తువు ఎవరికి ఏం చెబుతోందో మనకు తెలిసి ఉండాలి. వద్దంటే అది ఆగాలి.

ఇదంతా ఎంత అమాయకంగా మొదలైందో చూడండి. 1991లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ ప్రయోగశాలలో ఒక కాఫీ పాత్ర ఉండేది. వేరే గదుల్లో, వేరే అంతస్తుల్లో పనిచేసే పరిశోధకులు అంతదూరం నడిచి వచ్చేసరికి అది తరచూ ఖాళీగా కనిపించేది. విసిగిపోయి దాని ఎదురుగా ఒక కెమెరా బిగించారు. కాఫీ ఉందో లేదో ఎవరి కంప్యూటర్ తెరమీద వాళ్ళకు చిన్న బొమ్మగా కనపడేది. 1993లో ఆ బొమ్మను వెబ్‌లో పెట్టడంతో ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో ఆ పాత్రను చూడటం మొదలుపెట్టారు. చివరికి 2001లో కెమెరా ఆపేశారు. మొదట్లో ఆ కెమెరా చెప్పే సంగతి ఎవరికి కావాలో వాళ్ళకే అందేది. తర్వాత అదే సంగతి లోకమంతటికీ అందింది. చెప్పే సంగతి మారలేదు, కబురు వెళ్ళే దారి ఒక్కటే మారింది. అది కాఫీ కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

అదే 1991లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పనిచేసే మార్క్ వైజర్ అనే శాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. రాబోయే కాలంలో కంప్యూటర్లు చుట్టూ ఉన్న వస్తువుల్లో కలిసిపోతాయనీ, అవి ఉన్న సంగతే మనకు గుర్తుకు రాకుండా పనిచేస్తాయనీ అందులో ఊహించాడు. కలిసిపోవడం వరకు నిజమైంది. గుర్తుకు రాకపోవడం మాత్రం జరగలేదు, ఫోన్ పొద్దస్తమానం పిలుస్తూనే ఉంది. నోటిఫికేషన్ల బాధ అందరికీ అనుభవమే కాబట్టి దాని మీద ఎక్కువ చెప్పను. మనుషులు పంపేవి ఉంచుకుని యాప్‌లు వాటంతట అవి పంపేవి ఆపేయండి, సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇక ఫోన్ సంగతి. 1973 ఏప్రిల్ 3న మార్టిన్ కూపర్ అనే ఇంజనీరు న్యూయార్క్‌లో రోడ్డు పక్కన నిలబడి, చేత్తో పట్టుకునే ఫోన్‌తో మొదటి కాల్ చేశాడు. ఆ ఫోన్ సుమారు కిలో బరువుండేది, మాట్లాడటానికి తప్ప ఇంకెందుకూ పనికొచ్చేది కాదు. ఇప్పటి ఫోన్‌లో కదలికను పసిగట్టే సెన్సర్ ఉంది, ఎటు తిరిగిందో చెప్పేది ఉంది, దిక్కులు తెలిసేది ఉంది, వెలుతురు కొలిచేది ఉంది. జీపీఎస్ సరేసరి.

జీపీఎస్ గురించి చాలామందిలో ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. ఆకాశంలో ఉపగ్రహం మనల్ని కనిపెట్టి చూస్తోందని అనుకుంటారు. నిజానికి జీపీఎస్ కూడా మన పాత రేడియోలాగా ఒకవైపు వ్యవహారమే. దాదాపు 20,000 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు తమ స్థానాన్నీ, సమయాన్నీ ప్రసారం చేస్తూ పోతాయి. ఫోన్ కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు విని, తానెక్కడుందో తానే లెక్క కట్టుకుంటుంది. మీ ఫోన్ అనేది ఒకటుందని ఆ ఉపగ్రహానికి తెలియదు. మరి మన లొకేషన్ బయటికి ఎలా పోతోంది? ఫోన్ కట్టిన లెక్కను యాప్‌లు తీసుకుని నెట్ ద్వారా తమ సర్వర్లకు పంపుతాయి. అందుకు పర్మిషన్ ఇచ్చింది మనమే, చాలాసార్లు చదవకుండా ఇచ్చాం. ఇది కాక, కాల్ కలపాలంటే మనం ఏ టవర్ పరిధిలో ఉన్నామో నెట్‌వర్క్‌కు తెలియక తప్పదు. అది వేరే సంగతి.

చదవకుండా ఇచ్చే పర్మిషన్ ఎంతదూరం పోతుందో 2018 జనవరిలో బయటపడింది. స్ట్రావా అనే వ్యాయామ యాప్ వాళ్ళు, తమ వాడుకదారులు పరుగెత్తిన దారులన్నీ కలిపి ప్రపంచ పటంమీద వెలుగు గీతలుగా చూపించారు. పేర్లు లేవు, మొత్తం కలిపిన లెక్కే. కానీ జనసంచారం లేని ఎడారి ప్రాంతాల్లో కొన్నిచోట్ల చక్కగా గుండ్రటి దారులు మెరిశాయి. అవి సైనిక స్థావరాలు. లోపల ఉన్న సైనికులు రోజూ తమ పరుగు లెక్క చూసుకున్నారంతే, ఎవరూ ఏ రహస్యమూ చెప్పలేదు. విడివిడిగా చూస్తే ఏమీ కాని సంగతులు, ఒకచోట పోగైతే గుట్టు విప్పేస్తాయి.

పోగేయడం ఎప్పుడూ చెడ్డదే అని కాదు. 2020 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలో భూకంప హెచ్చరిక ఏర్పాటు ఒకటి మొదలైంది. కదలకుండా పడున్న ఫోన్, భూమి కంపిస్తే దానిలోని కదలిక సెన్సర్‌తో పసిగట్టి సర్వర్‌కు చెబుతుంది. ఒక్క ఫోన్ చెబితే బల్ల కదిలిందనుకోవచ్చు. ఒక ప్రాంతంలో వేల ఫోన్లు ఒకేసారి చెబితే అది భూకంపమే. భూకంపంలో ముందు వచ్చే తరంగాలు బలహీనమైనవి, పెద్ద నష్టం చేసేవి వాటి వెనక నెమ్మదిగా వస్తాయి. నెట్‌లో కబురు వాటికంటే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది కాబట్టి, కేంద్రానికి కొంత దూరంలో ఉన్నవాళ్ళకు కొన్ని సెకన్ల ముందు హెచ్చరిక అందే వీలుంది. బల్ల కిందికి దూరడానికి, పొయ్యి ఆర్పడానికి ఆ కొన్ని సెకన్లు చాలు. ఇక్కడ ప్రతి ఫోనూ చెప్పేది చాలా కొద్దిగా, కంపించిందనీ సుమారుగా ఎక్కడనీ. మేలు మాత్రం అందరికీ. నాకు ఈ పద్ధతి ఎంతో నచ్చుతుంది.

ఈ పరికరాల వల్ల బతుకు అన్నిటికంటే ఎక్కువగా మారేది ఆరోగ్యం విషయంలో, ముఖ్యంగా పెద్దవాళ్ళ విషయంలో. షుగర్ ఉన్నవాళ్ళకు ఇప్పుడు చేతిమీద అంటించుకునే సెన్సర్లు ఉన్నాయి. వెంట్రుకలాంటి సన్నని తీగ చర్మం కిందికి వెళ్ళి, కణాల మధ్య ఉండే ద్రవంలో చక్కెరను కొన్ని నిమిషాలకోసారి కొలిచి ఫోన్‌కు పంపుతుంది. రోజుకు పలుమార్లు వేలు పొడుచుకునే బాధ చాలావరకు తప్పుతుంది. నడిరాత్రి చక్కెర పడిపోతే ఫోన్ మోగుతుంది. పిల్లలకైతే ఆ మోత పక్కగదిలో తల్లిదండ్రుల ఫోన్‌లో కూడా వినపడేలా పెట్టుకోవచ్చు. ఇన్నాళ్ళూ నిద్రమానుకుని కాపలా కాసిన తల్లులకు ఇది ఎంత ఊరటో మాటల్లో చెప్పలేం. అయితే ఆ లెక్క రక్తంలో ఉన్నదానికంటే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. సెన్సర్ బాగానే ఉందంటున్నా ఒళ్ళు తూలుతూ చెమటలు పడుతుంటే, ఒంటిని నమ్మి వేలు పొడిచి చూసుకోవాలి. చేతి గడియారాలూ అంతే. అవి చర్మంలోకి ఆకుపచ్చ వెలుగు పంపి, రక్తం దాన్ని పీల్చుకునే తీరును బట్టి నాడి లెక్కిస్తాయి. గుండె లయ తప్పుతున్నట్టు అనుమానం చెప్పగలవు. జబ్బు నిర్ధారించాల్సింది డాక్టరే.

పెద్దవయసులో ఒంటరిగా ఉండే తల్లి లేదా తండ్రి, ఎక్కడో దూరాన పిల్లలు. ప్రపంచంలో ఏ మూలైనా ఇప్పుడు ఇది మామూలు దృశ్యమే. స్నానాల గదిలో జారిపడి గంటల తరబడి లేవలేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. పడటాన్ని గుర్తుపట్టి కబురు చేసే గడియారం అక్కడ నిజంగా ప్రాణం నిలబెడుతుంది. కానీ ఆ ప్రేమతోనే పిల్లలు ఇంకో అడుగు వేసి హాల్లో ఒక కెమెరా, పడకగదిలో ఒక కెమెరా బిగిస్తారు. అమ్మ ఎప్పుడు లేచింది, ఎంతసేపు పడుకుంది, ఎవరొచ్చారు, అన్నీ తెర మీద కనిపిస్తుంటాయి. ఆమెను ఒక్కమాట అడిగారా? చాలా ఇళ్ళలో అడగరు. "నీ మంచికేనమ్మా" అంటారు. తన ఇంట్లో తాను చీర సర్దుకోవడానికి కూడా మూల వెతుక్కోవలసి వస్తే, ఆమెకు అది ఇల్లులా అనిపిస్తుందా?

ముందు ఆమెను అడగండి. తర్వాత, అవసరం తీరడానికి అన్నిటికంటే తక్కువ చెప్పే పరికరాన్ని ఎంచుకోండి. పొద్దున్నే లేచి తిరుగుతోందో లేదో తెలియాలంటే కెమెరా అక్కర్లేదు. తలుపు తెరిచినట్టు చెప్పే చిన్న సెన్సర్ చాలు. దానికి మొహం కనపడదు, మాట వినపడదు. పిల్లలకు ఏం కనిపిస్తోందో అదంతా ఆమె ఫోన్‌లోనూ కనిపించాలి. ఇంకో భయం కూడా ఉంది నాకు. యాప్‌లో అంతా బాగుందన్న ఆకుపచ్చ గుర్తు చూసుకుని, రోజూ చేసే ఫోన్ మానేస్తారేమోనని. అమ్మ నడిచిందని సెన్సర్ చెబుతుంది. బెంగగా ఉందని చెప్పదు.

మాట వినే స్పీకర్ల గురించి కూడా ఒక మాట. అవి పిలుపు పదం వినపడేదాకా లోలోపలే వింటాయి, ఆ తర్వాతి మాటలను సర్వర్‌కు పంపుతాయి. ఒక్కోసారి పిలవకపోయినా పిలిచారనుకుంటాయి. అలా చేరిన రికార్డింగుల్లో కొన్నిటిని, యంత్రానికి తర్ఫీదు ఇవ్వడం కోసం మనుషులు కూర్చుని వింటున్నారని 2019లో బయటికొచ్చింది. పెద్ద పెద్ద కంపెనీలన్నీ అందులో ఉన్నాయి. గొడవయ్యాక, మీ ఇష్టమైతేనే వింటామనో, రికార్డింగులు మీరే చెరిపేసుకోవచ్చనో సెట్టింగ్స్‌లో వీలు కల్పించాయి. అడిగితేనే వచ్చిన మార్పు అది.

ఇక పాస్‌వర్డ్. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షలాది సీసీ కెమెరాల్లోకి, రౌటర్లలోకి, రికార్డర్లలోకి చొరబడింది. దానికి గొప్ప తెలివేమీ అవసరం రాలేదు. ఫ్యాక్టరీలో పెట్టి పంపిన పాస్‌వర్డులు 60కి పైగా దాని దగ్గర ఉన్నాయి, వాటిని ఒక్కొక్కటే పెట్టి చూసింది. కొన్నవాళ్ళు మార్చలేదు కాబట్టి తలుపులు తెరుచుకున్నాయి. ఆ ఏడాది అక్టోబర్ 21న అలాంటి పరికరాలు వేలకొద్దీ కలిసి, వెబ్‌సైట్లు నెట్‌లో ఎక్కడున్నాయో చూపించే డిన్ అనే సంస్థ సర్వర్ల మీద విరుచుకుపడితే, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో చాలామందికి గంటల తరబడి అందలేదు. తమ ఇంటి కెమెరా ఆ దాడిలో ఉందని యజమానులకు తెలియను కూడా తెలియదు. 2024 ఏప్రిల్ నుంచి బ్రిటన్‌లో, అందరికీ ఒకే తేలికపాటి పాస్‌వర్డుతో ఇలాంటి పరికరాలు అమ్మడాన్ని చట్టం నిషేధించింది. అన్ని దేశాలూ చేయాల్సిన పని అది. భారమంతా కొన్నవాళ్ళ నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

కొనేముందు షాపువాణ్ణి ఒక ప్రశ్న అడగండి. నెట్ పోతే ఇది పనిచేస్తుందా? బల్బు మామూలు స్విచ్‌తో వెలగాలి, తాళం తాళంచెవితో తెరుచుకోవాలి. 2016లోనే రివాల్వ్ అనే పరికరం సర్వర్లను దాన్ని కొనేసిన కంపెనీ ఆపేసింది. ఇళ్ళల్లో దీపాలనూ తలుపులనూ నడిపే ఆ పెట్టె దేనికీ పనికిరాకుండా పోయింది, పాడై కాదు, దాని బుద్ధి ఉన్న సర్వర్ మూతపడి. 2022లో వచ్చిన మ్యాటర్ అనే ప్రమాణం కొంత నయం. దాన్ని పాటించే వేర్వేరు కంపెనీల పరికరాలు, బయటి సర్వర్ లేకపోయినా ఇంటి నెట్‌వర్క్‌లోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవు. అప్‌డేట్లు ఎన్నేళ్ళు ఇస్తారో కూడా అడిగి, పెట్టె మీదో బిల్లు మీదో చూసుకోండి.

చివరిగా చాలామంది పట్టించుకోని సంగతి. ఈ పరికరాలన్నీ సాధారణంగా ఇంట్లో ఒక్కరి పేరు మీద, ఒక్కరి ఫోన్‌లో ఉంటాయి. తక్కినవాళ్ళకు తమ ఇంటి తాళం మీద కూడా అధికారం ఉండదు. ఆ ఒక్కరికీ ఏదైనా జరిగితే, ఇంట్లోవాళ్ళు దుఃఖంలో ఉండగా పాస్‌వర్డుల కోసం వెతుక్కోవాలి. భార్యాభర్తలు విడిపోతే, ఇల్లు వదిలి వెళ్ళిన మనిషి ఎక్కడినుంచో కెమెరాలో చూస్తూనే ఉండొచ్చు, హీటరో ఏసీయో మార్చి వేధించొచ్చు. కాబట్టి మీ ఇంట్లో ఇలాంటివి ఉంటే వయసొచ్చిన ఇంకొకరిని కూడా అదే అధికారంతో చేర్చండి. యాప్ తెరిచి ఎవరెవరి పేర్లున్నాయో అందరూ కలిసి చూడండి, ఉండకూడని పేరు కనిపిస్తే తీసేసి పాస్‌వర్డ్ మార్చండి. ఫోన్ అమ్మేటప్పుడు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మీ అకౌంటు అందులోంచి తీసేయడం మరిచిపోకండి.

సెలవు. నమస్కారం.