600 మిల్లీమీటర్ల లెన్సుతో సూర్యకిరణ్‌ను తీస్తే

నమస్కారం. బెంగళూరు జక్కూరు నుంచి మాట్లాడుతున్నాను. ఈ బల్ల మీద ఉన్నది 150-600 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు. బరువు దాదాపు రెండు కిలోలు. ఇలాంటివి మూడు నాలుగు కంపెనీలు చేస్తున్నాయి, నేను చెప్పేది అన్నింటికీ వర్తిస్తుంది కాబట్టి పేరు అవసరం లేదు. 2023 ఫిబ్రవరిలో బెంగళూరు యలహంకలో ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరిగిన అయిదు రోజులూ దీన్ని అద్దెకు తెచ్చుకుని వాడాను. వైమానిక విన్యాస బృందాల తెర వెనుక కథను టీవీ డాక్యుమెంటరీగా తీయడానికి మా చిన్న బృందం అప్పుడు పని చేస్తోంది. ఆకాశంలో జరిగేదాన్ని నేల మీద నుంచి తీయడం నా వంతు.

సూర్యకిరణ్ మన వాయుసేన విమాన విన్యాస బృందం. 1996లో బీదర్‌లో మొదలైంది. అప్పట్లో వాడినవి కిరణ్ మార్క్-2 శిక్షణ విమానాలు. 2011లో వాయుసేనకు శిక్షణ విమానాలు చాలక వాటిని ఆ పనికి మళ్లించారు, బృందం ఆగిపోయింది. 2015లో హాక్ జెట్ శిక్షణ విమానాలతో మళ్లీ లేచింది. ఆ హాక్‌లు బెంగళూరులోని ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌లో తయారైనవి. సారంగ్ అనేది ధ్రువ్ హెలికాప్టర్లతో ఎగిరే విన్యాస బృందం, 2003లో బెంగళూరులోనే రూపుదిద్దుకుంది. ఒకదానికి విమానాలు, ఇంకొకదానికి పుట్టుక ఈ ఊరే ఇచ్చింది.

ఇక లెన్సు సంగతి. 600 దగ్గర పెట్టి కిలోమీటరు దూరంలోని విమానాన్ని చూస్తే, ఫుల్ ఫ్రేమ్ (36 మిల్లీమీటర్ల వెడల్పు సెన్సర్ ఉన్న) కెమెరాలో మీకు కనిపించే ఆకాశం వెడల్పు 60 మీటర్లు మాత్రమే. గంటకు 600 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా పోయే విమానం ఆ వెడల్పును సెకనులో దాదాపు మూడో వంతులోనే దాటేస్తుంది. మొదటి రోజు నా ఫుటేజీలో సగానికి పైగా ఖాళీ ఆకాశమే. రెండో రోజు నుంచి ఒక కన్ను వ్యూఫైండర్‌కు ఆనించి, రెండో కన్ను కూడా తెరిచే ఉంచాను. తెరిచిన కన్ను విమానాన్ని వెతుకుతుంది, చేతులు దాని వెంట నడుము నుంచి తిరుగుతాయి. తొమ్మిది విమానాలూ వజ్రం ఆకారంలో వచ్చేటప్పుడు మాత్రం 300కు, ఒక్కోసారి ఇంకా కిందికి తగ్గక తప్పదు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. ఈ లెన్సు దూరాల విషయంలో మనల్ని మోసం చేస్తుంది, అదీ తలకిందులుగా. రెండు విమానాలు ఎదురెదురుగా దూసుకొచ్చి ఒకదాన్నొకటి దాటే విన్యాసం చూసే ఉంటారు. గుండె ఆగినట్టవుతుంది. నిజానికి అవి ఒకే గీత మీద ఉండవు. ఒకటి మనకు దగ్గరగా, మరొకటి దూరంగా ఉంటుంది. దూరం నుంచి తీసిన చిత్రంలో ఆ లోతు చదునైపోయి, రెక్కలు రాసుకున్నట్టు కనిపిస్తాయి. అదే, ప్రశాంతంగా తేలుతున్నట్టుండే వజ్రం చూడండి. హాక్ రెక్కల వెడల్పు దాదాపు పది మీటర్లు. పక్కపక్కన ఎగిరే రెండు విమానాల మధ్య ఖాళీ అయిదు మీటర్ల లోపు. అంటే విమానంలో సగం వెడల్పు! పక్కన ఎగిరే పైలట్ తన ముందున్న పరికరాల వైపు చూస్తూ కూర్చోడు. నాయకుడి విమానం మీద రెండు గుర్తులు ఒకే వరుసలో ఉన్నాయా లేదా అన్నదే చూస్తూ ఎగురుతాడు. నాయకుడు ఎటు తిరిగితే అటే. అసలు ప్రమాదం అక్కడుంది. టీవీలో మాత్రం ఆ షాట్‌కు వేణువు, దాటే షాట్‌కు డప్పులు వేస్తారు. మా డాక్యుమెంటరీలో దాన్ని మార్చాలని పట్టుబట్టాను. వజ్రాన్ని పన్నెండు సెకన్లు కట్ లేకుండా, సంగీతం లేకుండా ఉంచాం. అప్పుడే ఒక విమానం అంగుళమంత కదిలి సర్దుకోవడం కంటికి ఆనుతుంది.

హెలికాప్టర్లు తీసేవారికి ఒక జాగ్రత్త. మన టీవీకి సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేముకు షట్టర్ తెరిచి ఉండేది సెకనులో యాభయ్యో వంతు. ఫిబ్రవరి ఎండలో ఆ షట్టర్ నిలవాలంటే లెన్సు ముందు ఎన్‌డీ ఫిల్టర్, అంటే వెలుతురు తగ్గించే నల్లటి అద్దం, ఉండాల్సిందే. ఎండ ఎక్కువని షట్టర్ వేగం పెంచారా, ధ్రువ్ నాలుగు రెక్కలూ గాలిలో అతికించినట్టు నిలిచిపోతాయి. అది ఎగురుతున్నట్టుండదు, దారానికి వేలాడుతున్నట్టుంటుంది. పొద్దెక్కితే రన్‌వే మీద వేడిగాలి లేచి చిత్రమంతా నీళ్లలో చూసినట్టు అల్లాడుతుంది. దానికి ఏ లెన్సూ మందు కాదు. ఉదయం ప్రదర్శననే నమ్ముకోండి.

శబ్దం గురించి నాకు కళ్లు తెరిపించింది మా అమ్మ. అనంతపురం నుంచి వచ్చి ఆ వారం మా ఇంట్లోనే ఉంది. మిద్దె మీద వడియాలు పెడుతూ, చప్పుడు వినగానే తలెత్తి అటు చూసింది. అక్కడేమీ లేదు.

"చప్పుడు వచ్చిన చోట విమానం లేదేమిరా?" అంది.

"అది ముందే దాటిపోయిందమ్మా. చప్పుడే వెనక వస్తోంది."

శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లే పోతుంది. కిలోమీటరు దూరం నుంచి రావడానికి మూడు సెకన్లు పడుతుంది. ఎడిటింగ్‌లో అందరూ ఆ చప్పుడును వెనక్కి లాగి విమానానికి అతికిస్తారు. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. నేల మీద నిలబడ్డ మనిషి అనుభవం అది కాదు. నిశ్శబ్దంగా విమానం వెళ్లిపోవాలి, ఆ తర్వాత చప్పుడు ఒంటి మీద పడాలి.

2019 గురించి చెప్పకుండా ఈ వీడియో ముగించలేను. ఫిబ్రవరి 19న, ఏరో ఇండియా మొదలయ్యే ముందురోజు, యలహంకలో సాధన చేస్తూ రెండు సూర్యకిరణ్ హాక్‌లు ఢీకొన్నాయి. వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ ప్రాణాలు కోల్పోయారు. ఫోన్లలో తీసిన ఆ దృశ్యాలు అందరూ చూశారు. వాటిని మొదటి నిమిషంలోనే పెడితే ప్రేక్షకుడు కదలడని మా ఎడిటింగ్ గదిలో ఒకరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆయన ఇంటివాళ్లు ఆ రాత్రి టీవీ ముందు కూర్చుని ఉంటే ఏం చేస్తాం అని అడిగాను. రెండు రోజులు వాదన నడిచింది. చివరికి నల్లటి తెర మీద ఆయన పేరు, తేదీ మాత్రమే పెట్టాం. ఆ తర్వాతి షాట్ పొద్దున్నే విమానం కింద పడుకుని ప్రదర్శనలో పొగ వదిలే గొట్టాన్ని తుడుస్తున్న సాంకేతిక సిబ్బంది చేతులు. ఇంజిన్ వెనుక వేడిగాలిలోకి డీజిల్ చిమ్మితే అది ఆవిరై, చల్లబడి తెల్లని పొగవుతుంది. రంగు కావాలంటే అందులో రంగు కలుపుతారు. ఆ చేతుల గోళ్లలో ఎర్ర రంగు ఇంకా అలాగే ఉంది. దాన్ని 600తో కాదు, మామూలు 50 మిల్లీమీటర్ల లెన్సుతో, మూరెడు దూరంలో కూర్చుని తీశాను.

కాబట్టి ఈ లెన్సు కొనవద్దు, అద్దెకు తెచ్చుకోండి. ఏడాదికి ఒకటి రెండు ప్రదర్శనల కోసం ఇంత డబ్బు పెట్టడం దండగ. మిగిలిన డబ్బుతో మంచి మైకు, దానికి గాలి చప్పుడు ఆపే బొచ్చు తొడుగు కొనండి.

ఇప్పుడు నాలుగో రోజు ఉదయం తీసిన షాట్ ఒకటి వేస్తున్నాను. శబ్దాన్ని జరపలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. విమానం దాటిపోయాక వీడియో ఆపేయకండి, చప్పుడు ఇంకా రావాలి.