ఐపీవీ6 శిక్షణ ఎవరికి?

వేదిక మీది పెద్దలకు, శిక్షణకు వచ్చిన ఇంజనీర్లకు, కుర్చీలు చాలక వెనక నిలబడిన విద్యార్థులకు నమస్కారం. నా గురించి చెప్పవలసిన దానికన్నా ఎక్కువే చెప్పారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

ఆహ్వాన పత్రంలో నా అంశం ‘ఐపీవీ6 పరిచయం’ అని వేశారు. పరిచయం నేను చేయను. ఇంటర్నెట్‌లో పరికరాలకు చిరునామాలిచ్చే పాత పద్ధతి ఐపీవీ4 అయితే, దాని స్థానంలో వచ్చిన కొత్తది ఐపీవీ6. దీని తొలి ప్రమాణం 1995లోనే వెలువడింది. ప్రపంచ నిల్వలో మిగిలిన ఐపీవీ4 చిరునామాలను 2011 ఫిబ్రవరి 3న ప్రాంతీయ సంస్థలకు పంచేశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో మన ప్రాంతపు సంస్థ ఏప్‌నిక్ తన చివరి వాటాలోకి దిగింది. మన టెలికాం శాఖ 2010 జులైలో జాతీయ మార్గసూచి ఇచ్చింది, 2013 మార్చిలో రెండోది ఇచ్చింది. ఇంతకాలం తర్వాత కూడా మనం పరిచయ సభలే పెట్టుకుంటున్నాం. నాకు కోపం వస్తున్నది ఇక్కడే.

ఒక పని చేయండి. అందరూ ఫోన్లు తీయండి. వై-ఫై ఆపి, మొబైల్ డేటా మీద ఉంచి, సెట్టింగుల్లో ఐపీ చిరునామా చూడండి. అంకెలూ అక్షరాలూ కలిసి, మధ్యలో కోలన్లతో పొడుగ్గా కనిపిస్తున్నవారు చేతులెత్తండి. చూశారా, ఎన్ని చేతులో! 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలయ్యాక మన దేశంలో ఐపీవీ6 వాడకం ఒక్కసారిగా పెరిగింది. ఇవాళ ఈ విషయంలో ప్రపంచంలో ముందు వరుసలో ఉన్న దేశాల్లో మనది ఒకటి. ఇప్పుడు ఈ భవనం వై-ఫైకి కలపండి. 192.168తో మొదలయ్యే పాత చిరునామా ఒక్కటే కనిపిస్తుంది. పొలం గట్టు మీద ఉన్న మనిషి ఫోనులోకి వచ్చినది, ఇంజనీర్లను తయారుచేసే చోటికి రాలేదు.

ఎందుకు రాలేదు? శిక్షణ ఇవ్వలేదని ఎవరూ అనలేరు. ఇస్తూనే ఉన్నాం. చిరునామాలో 128 బిట్లని చెబుతాం, సున్నాలను కుదించి రాయడం నేర్పుతాం, పరీక్ష పెట్టి ధ్రువపత్రం చేతికిస్తాం. అదంతా ఒక పూట పని. కష్టమంతా పాత అలవాట్లు మానడంలో ఉంది. వారానికోసారి వచ్చే ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని పెరిగిన మనిషి, ఇంటికి కుళాయి వచ్చాక కూడా గంగాళాలు నింపి పెట్టుకుంటూనే ఉంటాడు. మన ఇంజనీర్లూ అంతే. చిరునామాల గుంపు ఎంత పెద్దదో స్లాష్ తర్వాతి అంకె చెబుతుంది, అంకె పెరిగేకొద్దీ గుంపు చిన్నది. సంస్థకు స్లాష్ 48 ఇస్తే అందులో 65,536 స్లాష్ 64 సబ్‌నెట్లు, అంటే ఉప-నెట్‌వర్కులు, వస్తాయి. అయినా ఒక గదిలోని కంప్యూటర్లకు స్లాష్ 120 లెక్కగట్టి ఇచ్చేవారున్నారు. దాంతో పరికరాలు తమ చిరునామాను తామే తయారుచేసుకునే పద్ధతి పనిచేయకుండా పోతుంది.

అన్నిటికన్నా నష్టం చేసిన అలవాటు మరొకటి ఉంది. అది నేను దగ్గరగా చూశాను. ఆ కార్యాలయం పేరు చెప్పను.

అక్కడ ఐపీవీ6 ప్రారంభించారు. లాగిన్ పేజీ తెరుచుకుంటోంది. కానీ పెద్ద ఫైలు పంపితే మధ్యలో ఆగిపోతోంది. కేబుళ్ళు మార్చారు, స్విచ్ మార్చారు, సర్వరును మళ్ళీ మళ్ళీ ఆపి మొదలుపెట్టారు. కొత్తగా చేరిన ఒక యువ ఇంజనీరు కారణం పట్టుకుంది. దారిలో ఒక టనెల్, అంటే ఐపీవీ6 డేటాను ఐపీవీ4లో చుట్టి పంపే మార్గం, ఉంది. అందులో 1480 బైట్లకు మించిన ప్యాకెట్, అంటే డేటా మూట, పట్టదు. ఐపీవీ4లో అయితే మధ్యలోని రౌటరు ప్యాకెట్‌ను ముక్కలు చేయగలదు. ఐపీవీ6లో ఆ పని పంపినవారే చేయాలి. అందుకని రౌటరు ‘ఈ ప్యాకెట్ మరీ పెద్దది’ అని ఐసీఎంపీవీ6 ద్వారా, అంటే నెట్‌వర్క్ పరికరాలు ఒకదానికొకటి సమాచారం చెప్పుకునే పద్ధతిలో, కబురు పంపుతుంది. ఆ కబురును వీళ్ళ ఫైర్‌వాల్, అంటే నెట్‌వర్క్ రాకపోకలను వడకట్టే కాపలా, పారేస్తోంది.

ఆమె కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించింది. పై అధికారి ఒప్పుకోలేదు. ఐసీఎంపీ అంటే ప్రమాదం, ఆపివేయాలి అని ఆయన ఎప్పుడో నేర్చుకున్నారు. ఐపీవీ6లో పక్క పరికరాన్ని కనుక్కోవడం కూడా ఐసీఎంపీవీ6 మీదే నడుస్తుందని, ఫైర్‌వాల్‌లో ఏవి వదలాలో ఏవి ఆపాలో 2007లోనే ఆర్‌ఎఫ్‌సీ 4890 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం విడమరిచి చెప్పిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చివరికి ఐపీవీ6నే ఆపేశారు. ఫైలులో ‘ఐపీవీ6 వల్ల అంతరాయం’ అని రాశారు. ఆ మాట చదివి పక్క విభాగాలు కూడా వెనక్కి తగ్గాయి.

ఆమెకు శిక్షణ ఉంది, సంతకం లేదు. ఆయనకు సంతకం ఉంది, శిక్షణ లేదు. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదే. మళ్ళీ చెబుతున్నాను, నిర్వాహకులు దయచేసి రాసుకోండి: ఫైర్‌వాల్ నిబంధనలను ఆమోదించే అధికారి ఈ గదిలో కూర్చోకపోతే ఈ శిక్షణ సగమే. ‘సారు బిజీ’ అనే జవాబు ఒప్పుకోవద్దు. ఆయన రాగలిగిన రోజుకే తరగతిని మార్చండి.

ఇంకొక మాట. మా దగ్గర ఐపీవీ6 లేదు కనుక మాకు భయం లేదనేవారు ఇక్కడా ఉన్నారు. మీ కంప్యూటర్లలో ఉంది. విండోస్ విస్టా నాటి నుంచి అది ముందే ఆన్ చేసి వస్తోంది. మీ స్విచ్‌లలో రౌటర్ ప్రకటనలను అడ్డుకునే ఏర్పాటు లేకపోతే, ఎవరో తెచ్చిన ల్యాప్‌టాప్ ‘నేనే రౌటర్‌ని’ అని ప్రకటిస్తే మీ కంప్యూటర్లు నమ్ముతాయి. అక్కడ ఏం జరుగుతోందో చూడటం తెలిసినవారు మీ సంస్థలో ఒక్కరైనా ఉండాలి కదా!

స్లైడ్లు చాలా తెచ్చాను, వాటిని వదిలేస్తున్నాను. పక్క ల్యాబులో ప్రతి బల్ల మీద మూడు రౌటర్లు, ఒక ఫైర్‌వాల్ పెట్టించాను. మధ్య లింకులో ఎంటీయూ, అంటే ఒక్కసారి పట్టే ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం, 1280 బైట్లకి తగ్గించి ఉంది. ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీవీ6 మొత్తం ఆపేసి ఉంది. ముందు ప్యాకెట్లు పట్టి చూడండి, ఆ తర్వాతే నిబంధనలు ముట్టుకోండి. అన్నీ వదిలేసి దాన్ని నడిపిస్తే ఒప్పుకోను. ఏ రకం కబురు వదిలారో, ఎందుకు వదిలారో మీ అధికారికి అర్థమయ్యేలా ఒక పేజీ రాసి ఇవ్వాలి. బల్లకు నలుగురు చొప్పున వెళ్ళండి. విద్యార్థులు కూడా రండి, చోటుంది.