ఐదు గదుల లెక్క | సింగపూర్‌లో మా సాయంత్రం

నమస్కారమండీ. సింగపూర్‌లో రాత్రి ఏడున్నర. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, బల్ల మీద ఐదో తరగతి చదివే మా అమ్మాయి లెక్కల పుస్తకం ఉంది. అందులో ఒక్క లెక్క మీకు చూపించాలనే కెమెరా ఇటు తిప్పాను.

ఒక అబ్బాయి తన గోలీల్లో ఐదింట రెండు వంతులు తమ్ముడికిచ్చాడు. 36 మిగిలాయి. మొదట ఎన్ని ఉన్నాయి?

నా చెయ్యి వెంటనే ‘ఎక్స్ అనుకుందాం’ అని రాయబోయింది. బడిలో నాకు సూత్రమే ముందు వచ్చింది. అర్థం చాలాసార్లు రానేలేదు. “ఉండమ్మా, నేను గీస్తాను” అని మా అమ్మాయి పొడవాటి పట్టీ గీసి, ఐదు సమానమైన గదులు చేసింది. రంగు వేసిన రెండూ తమ్ముడివి. మిగిలిన మూడు గదుల్లో 36. గదికి 12, ఐదు గదులకు 60.

ఇక్కడ దీన్ని బార్ మోడల్ అంటారు. మాటల లెక్కల్లో తడబడే పిల్లల కోసం 1980లలో సింగపూర్ విద్యాశాఖ తెచ్చిన పద్ధతి ఇది. ముందు చేత్తో పట్టుకునే వస్తువులు, తర్వాత బొమ్మ, ఆ తర్వాతే గుర్తులు. 1995 నాటి టిమ్స్ అంతర్జాతీయ పరీక్షలో నాలుగు, ఎనిమిది తరగతులు రెండింటిలోనూ లెక్కల్లో సింగపూర్‌దే మొదటి స్థానం. ట్యూషన్ల ఒత్తిడి ఇక్కడా ఎక్కువే, దాని గురించి ఇంకో రోజు మాట్లాడతాను. పుస్తకం కన్నా నన్ను కదిలించింది టీచర్లకిచ్చే సమయం. వాళ్లు మళ్లీ నేర్చుకోవడానికి ఏడాదికి 100 గంటల వరకు ఇస్తారు. ఇరవై ఎక్కాలూ మాతో అప్పజెప్పించిన మా మాస్టారు ఎంత కష్టపడేవారో! కిక్కిరిసిన ఆ గదిలో బొమ్మ గీసి చూపే తీరిక ఆయనకు ఎవరిచ్చారు?

ఇదిగో, తెనాలి నుంచి మా అమ్మ ఫోను. అక్కడ ఇంకా సాయంత్రం ఐదే. ఐదో తరగతితోనే బడి మానేసిన మనిషి. మనవరాలు ఫోను ముందు పట్టీ పెట్టి, ఈసారి ఎనిమిది గదులు గీసింది. “అమ్మమ్మా, మూడు ఇచ్చేస్తే 40 మిగిలాయి.”

అమ్మ కళ్లద్దాలు సర్దుకుంది. “ఐదు గదులకు 40 అంటే గదికి ఎనిమిది. అంటే అరపావు ఎనిమిది. పావు పదహారు, అర ముప్పై రెండు, మొత్తం అరవై నాలుగు.”

మా అమ్మాయి ఇంకా మాట్లాడలేదు. గదులను రెండేసి చొప్పున కలుపుతూ ఆ పట్టీనే మళ్లీ గీస్తోంది.