తాళం ఎక్కడ పెట్టానో గుర్తు రావట్లేదు: ఫోన్-ఇన్

యాంకర్: తెనాలి నుంచి కాలర్. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడం. మొన్న అమ్మాయి వాళ్ళ ఊరు వెళ్తూ బీరువా తాళం భద్రంగా ఉండాలని ఎక్కడో పెట్టాను. పోపుల డబ్బా చూశాను, దేవుడి గూడు చూశాను, ఆయన చెప్పుల స్టాండు కూడా... నీకు మతిమరుపు జబ్బు మొదలైందంటారు ఆయన.

సైకాలజిస్ట్: ఆయన మాట అలా ఉంచండి. రోజూ పెట్టే చోటు కాదుగా?

కాలర్: కాదండీ, రోజూ మేకుకి తగిలిస్తాను. దొంగలు ముందు అక్కడే చూస్తారని మార్చాను.

సైకాలజిస్ట్: అదే చిక్కు. ఏదైనా మనసులో పడేటప్పుడు చుట్టూ ఉన్నవి దానికి ఆనవాళ్ళవుతాయి. మీకు తాళం అనగానే పాత మేకు తడుతుంది. కొత్త చోటికి ఆనవాలే లేదు. భద్రంగా అని కొత్త చోట పెట్టకండి, అందరికీ చెప్తుంటాను.

కాలర్: అయితే జబ్బు కాదంటారా?

సైకాలజిస్ట్: ఈ ఒక్కటీ చూసి అలా అనలేం. తెలిసిన దారి తప్పుతుంటే, అడిగిందే అడుగుతుంటే డాక్టర్‌కి చూపించాలి.

కాలర్: మా అత్తగారికీ ఇలాగే... జబ్బు కాదుగా మేడం?

సైకాలజిస్ట్: (నవ్వు) ఇది టెన్షన్‌తో అడగడమమ్మా, వేరు. తాళం పెట్టేటప్పుడు ఏం చేస్తున్నారు?

కాలర్: ఆవకాయ సీసాకి గుడ్డ కడుతున్నా. ఆటో అతను ఒకటే హారన్. నూనె చేతులు...

సైకాలజిస్ట్: ఎక్కడ నిలబడి?

కాలర్: వంటగట్టు దగ్గర.

సైకాలజిస్ట్: అక్కడే నిలబడి ఒక సీసా పట్టుకోండి. ఆ హారన్, ఆ నూనె చేతులు తల్చుకోండి. వెంటనే డబ్బాలు తీయకండి.

కాలర్: బియ్యం డబ్బా చూడనా?

సైకాలజిస్ట్: ముందు నిలబడండమ్మా!

యాంకర్: థాంక్యూ అమ్మా. నల్గొండ నుంచి గ్రూప్ 2 అభ్యర్థి.

కాలర్: మేడం, రూమ్‌లో అన్నీ వస్తాయి, హాల్లో బ్లాంక్.

సైకాలజిస్ట్: 1975లో గాడెన్, బాడ్లీ అని ఇద్దరు స్కాట్లాండ్‌లో డైవర్లకి మాటల జాబితాలిచ్చారు. నీళ్ళలో నేర్చినవి నీళ్ళలోనే బాగా గుర్తొచ్చాయి, ఒడ్డున నేర్చినవి ఒడ్డున. 2021లో మళ్ళీ చేస్తే అలా రాలేదు. కాబట్టి నెపం గది మీద వేయకు. చోట్లు మార్చి చదువు. పుస్తకం మూసి తెల్ల కాగితం మీద రాయి.

కాలర్: మరి హైలైటర్...

యాంకర్: టైం లేదు బాబూ. తర్వాతి కాలర్, హలో? రేడియో సౌండ్ తగ్గించండి. హలో... లైన్ కట్టయింది. ధన్యవాదాలు మేడం.